స్పెయిన్‌లో భోజనం అయ్యాక ఎవరూ ఎందుకు లేవరు? తరచుగా అడిగే ప్రశ్నలు

స్పెయిన్‌కి చదువుకోసమో ఉద్యోగం కోసమో వచ్చే మనవాళ్ళు, పిల్లల్ని చూడ్డానికి వచ్చే అమ్మానాన్నలు, టూర్ ప్లాన్ చేసుకునే స్నేహితులు, వలెన్సియాలో ఉంటున్న మమ్మల్ని మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలివి. చాలావరకు "రాత్రి ఏడింటికి ఎక్కడా అన్నం దొరకట్లేదేంటి" అనే దగ్గర మొదలవుతాయి. భోజనం అయ్యాక ఇలా లేవకుండా కూర్చోవడమే ఇక్కడి జీవితంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన విషయం, అందుకే కొన్ని జవాబులు పొడుగ్గా ఉంటాయి.

సోబ్రెమెసా అంటే ఏంటి?

మధ్యాహ్న భోజనం అయిపోయాక కూడా అదే బల్ల దగ్గర అలాగే కూర్చుని మాట్లాడుకునే టైముని స్పెయిన్‌లో సోబ్రెమెసా అంటారు. ప్లేట్లు ఖాళీ అయిపోతాయి, పండ్లు వస్తాయి, కాఫీ వస్తుంది, వలెన్సియా వైపు అయితే మిస్తెలా అనే తియ్యటి వైన్ చిన్న గ్లాసుల్లో పోస్తారు, మాటలు మాత్రం నడుస్తూనే ఉంటాయి. మామూలు రోజుల్లో అరగంట. ఆదివారం రెండు గంటలైనా ఎవరికీ ఆశ్చర్యం ఉండదు. క్రిస్మస్ రోజున చాలా ఇళ్ళల్లో మధ్యాహ్నం భోంచేసిన బల్ల దగ్గరే తుర్రోన్ అనే బాదంపప్పు మిఠాయి ముక్కలు కొరుక్కుంటూ కూర్చుంటే రాత్రి భోజనం వేళ అయిపోతుంది. మధ్యాహ్నం 3 గంటల వార్తల తర్వాత టీవీలో వచ్చే సినిమాలనీ సీరియళ్ళనీ కూడా సోబ్రెమెసా సినిమాలు, సోబ్రెమెసా సీరియళ్ళు అనే పిలుస్తారు. పొద్దున, సాయంత్రం ఎలాగో అదీ రోజులో ఒక పూట అన్నట్టు.

తిన్నాక కబుర్లు చెప్పుకోవడం మన ఇళ్ళల్లోనూ ఉంది కదా, ఇందులో కొత్తేముంది?

ఉంది, కాకపోతే మనకి చెయ్యి కడుక్కోవడంతో భోజనం అయిపోయినట్టే. చెయ్యి ఎండిపోతుందని లేస్తాం, కబుర్లు హాల్లోకో అరుగు మీదకో మారతాయి, వంటింట్లో ఉన్నవాళ్ళు ఆ తర్వాత విడిగా తింటారు. స్పెయిన్ వాళ్ళ దగ్గర బల్ల చుట్టూ కూర్చున్న గుంపు చెదరదు. తాతయ్య దగ్గర్నుంచి పదేళ్ళ మనవరాలి దాకా అందరూ అక్కడే, ఎవరి కుర్చీలో వాళ్ళు. నన్ను కట్టిపడేసింది ఇదే. మామూలుగా ఇంట్లో ఒకరు టీవీ దగ్గర, ఒకరు ఫోన్‌లో, ఒకరు గదిలో ఉండే టైములో, ఒకరితో ఒకరికి పనేమీ లేకపోయినా అందరూ ఎదురెదురుగా కూర్చుని ఉండటం. ఇందులో ఆలస్యంగా తినడం గొప్ప కాదు, మధ్యాహ్నం నిద్ర గొప్ప కాదు, లేవకపోవడం గొప్ప.

రోజులో ఎప్పుడెప్పుడు, ఏం తింటారు?

పొద్దున్నే కాఫీ, ఒక టోస్టో బిస్కెట్లో, అంతే. మన ఇడ్లీ దోశల్లాంటి టిఫిన్ ఆ టైములో ఆశించకండి. పది, పదిన్నర, పదకొండు మధ్య అసలు టిఫిన్. ఆఫీసుల వాళ్ళు కింద ఉన్న బార్‌కి దిగి కాఫీతో పాటు ఆలుగడ్డల ఆమ్లెట్ ముక్క తింటారు.

వలెన్సియాలో ఆ పది గంటల టిఫిన్ ఒక పెద్ద వ్యవహారం, ఎస్మొర్జారెట్ అంటారు. మూర చేతికి కాస్త తక్కువ పొడుగున్న బ్రెడ్డు చీల్చి లోపల ఆమ్లెట్టో మాంసమో వేయించిన కూరగాయలో కూరి ఇస్తారు, బల్ల మీద ముందే ఒలవని వేరుశెనక్కాయలు, ఆలివ్ కాయలు పెడతారు, చివర్లో క్రెమాయెట్ అని, రమ్ము మండించి పోసిన కాఫీ. నారింజ తోటల్లో, వరి పొలాల్లో తెల్లవారకముందే పనికి దిగేవాళ్ళ తిండి ఇది. ఇప్పుడు ప్లంబర్లు, లాయర్లు, రిటైరైనవాళ్ళు అందరూ తింటారు. శనివారం పొద్దున ఊరి బయట బార్లలో సైకిళ్ళేసుకొచ్చిన గుంపులు కనిపిస్తాయి, వాళ్ళు బయల్దేరింది సైక్లింగ్ కోసమా దీనికోసమా అంటే రెండోదే అని నా నమ్మకం.

మధ్యాహ్న భోజనం 2 నుంచి 3:30 మధ్య. రోజులో ముఖ్యమైన భోజనం అదే. సాయంత్రం ఐదారింటికి పిల్లలకి మెరియెందా, అంటే చిరుతిండి. రాత్రి భోజనం 9 నుంచి 10, వేసవిలో 10:30. అది తేలిగ్గా ఉంటుంది, సూపు, సలాడ్, ఆమ్లెట్ లాంటివి. వెడల్పాటి మూకుట్లో బియ్యంతో వండే పాయెయ్యాని వలెన్సియా వాళ్ళు మధ్యాహ్నమే తింటారు. రాత్రి పూట బియ్యం తింటే బరువు అంటారు. పర్యాటకుల హోటళ్ళలో రాత్రి కూడా దొరుకుతుంది గానీ చుట్టూ చూస్తే స్థానికులు కనపడరు.

అసలు అన్నీ ఇంత లేటుగా ఎందుకు?

ఈ ప్రశ్నకి జవాబు గడియారంలో ఉంది, కొంచెం ఓపిగ్గా చదవండి.

స్పెయిన్ మ్యాపు చూస్తే అది ఇంగ్లండ్‌కి సరిగ్గా కింద ఉంటుంది. గ్రీనిచ్ రేఖ వలెన్సియాకి ఉత్తరంగా కాస్తెయ్యోన్ మీదుగా పోతుంది, దేశంలో ఎక్కువ భాగం ఆ రేఖకి పడమరనే. కాబట్టి లండన్ టైమే వాళ్ళ టైము కావాలి, 1940 వరకూ అదే. ఆ ఏడాది మార్చి 16 రాత్రి అప్పటి నియంత ఫ్రాంకో ప్రభుత్వం గడియారాన్ని ఒక గంట ముందుకి తిప్పింది. అప్పటి నుంచి స్పెయిన్ జర్మనీ, ఇటలీ ఉన్న టైములో ఉండిపోయింది. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక కూడా వెనక్కి తిప్పలేదు. పైగా వేసవిలో ఇంకో గంట ముందుకి.

అంటే ఏమైంది? మన దగ్గర దేశం మొత్తానికి టైము 82.5 డిగ్రీల రేఖాంశం ప్రకారం పెట్టారు, అది కాకినాడ దగ్గరగా పోతుంది. కాబట్టి కాకినాడలో గడియారంలో 12 అయితే సూర్యుడూ దాదాపు నడినెత్తినే ఉంటాడు. వలెన్సియాలో జులైలో సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి గడియారం 2 దాటుతుంది. మాడ్రిడ్‌లో రెండుంబావు కూడా దాటుతుంది. ఇప్పుడు లెక్క చూడండి. 2:30కి తింటున్న మాడ్రిడ్ మనిషి సూర్యుడి ప్రకారం పన్నెండుంబావుకి తింటున్నాడు. రాత్రి 9:30 భోజనం నిజానికి ఏడుంబావు భోజనం. పక్కనే ఉన్న పోర్చుగల్ గడియారం ఒక గంట వెనక ఉంటుంది, వాళ్ళు ఒంటిగంటకి తింటే మనకి మామూలుగా అనిపిస్తుంది, సరిహద్దు దాటి స్పెయిన్‌లో రెండింటికి తింటే లేటు అంటాం.

వాయువ్య మూల గలీసియాలో, వీగో నగరంలో, జూన్ నెలలో సూర్యుడు రాత్రి 10 దాటాక అస్తమిస్తాడు, డిసెంబరులో పొద్దున 9కి ఉదయిస్తాడు. అంత వెలుతురు ఉండగా 7:30కి రాత్రి భోజనం చెయ్యమంటే ఎవరు మాత్రం చేస్తారు? కనేరీ దీవులు మాత్రం ఒక గంట వెనక ఉన్నాయి. అందుకే రేడియోలో టైము చెప్పిన ప్రతిసారీ "కనేరీల్లో ఒక గంట తక్కువ" అని చెప్పడం ఇక్కడ అలవాటు.

గడియారం ఒక్కటే కారణం కాదు. అంతర్యుద్ధం తర్వాత పేదరికంలో చాలామంది రెండు ఉద్యోగాలు చేశారు, పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. మధ్యలో ఇంటికొచ్చి తిని మళ్ళీ వెళ్ళేవాళ్ళు. ఆ రెండు ముక్కల రోజు తర్వాత ఆఫీసులకీ, షాపులకీ అలవాటుగా మిగిలిపోయింది.

అందరూ మధ్యాహ్నం నిద్రపోతారా?

లేదు. నగరాల్లో ఉద్యోగం చేసేవాళ్ళు మామూలు రోజుల్లో పడుకోరు. ఇంటికి వెళ్ళి రావడానికే టైము ఉండదు. సియెస్టా, అంటే ఆ మధ్యాహ్నం నిద్ర, ఇప్పుడు ఎక్కువగా సెలవు రోజులది, వేసవిది, పల్లెలది, పెద్దవాళ్ళది. అది కూడా సోఫాలో ఇరవై నిమిషాల కునుకు, ఎదురుగా లా 2 ఛానల్‌లో జంతువుల డాక్యుమెంటరీ, జులై అయితే టూర్ ద ఫ్రాన్స్ సైకిల్ పందెం.

దక్షిణాన ఎండల సంగతి వేరు. కోర్దోబా జిల్లాలోని లా రాంబ్లా అనే ఊళ్ళో 2021 ఆగస్టు 14న 47.6 డిగ్రీలు నమోదైంది. రామగుండం, రెంటచింతల ఎండలు చూసినవాళ్ళకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. అలాంటి చోట మధ్యాహ్నం 3 నుంచి 6 వరకు తలుపులు, కిటికీ చెక్కలు మూసి ఇంట్లో ఉండటం తప్ప వేరే దారి లేదు.

మొత్తానికి తక్కువ పని చేస్తారనుకోవచ్చా?

అనుకోకండి. నాకు బాధ కలిగించే ప్రశ్న ఇది, ఎందుకంటే అడిగేవాళ్ళు జవాబు ముందే తయారు చేసుకుని అడుగుతారు. ఓఈసీడీ అనే, ఎక్కువగా ధనిక దేశాలున్న కూటమి లెక్కల్లో ఏడాదికి పనిచేసే గంటలు చూస్తే స్పెయిన్ వాళ్ళు జర్మన్ల కంటే ఎక్కువ పనిచేస్తారు. పొద్దున 9కి మొదలెట్టి 2కి ఆపి, మళ్ళీ 4కో 5కో మొదలెట్టి రాత్రి 8కి షట్టర్ దించే షాపు యజమానిని మధ్యాహ్నం 3కి చూసి "ఖాళీగా ఉన్నాడు" అనడం అన్యాయం. ఆయన ఇంటికి చేరేసరికి 8:30 అవుతుంది.

చాలా ఆఫీసుల్లో జులై, ఆగస్టుల్లో పొద్దున 8 నుంచి మధ్యాహ్నం 3 వరకు ఏకబిగిన పనిచేసి వెళ్ళిపోతారు, దాన్ని హోర్నాదా ఇంతెన్సివా అంటారు. అందరూ ఎదురుచూసేది దానికోసమే.

భోజనం అయ్యాక అంతసేపు ఏం మాట్లాడుకుంటారు?

ఏదైనా. ఫుట్‌బాల్, పక్కింటి వాళ్ళ అమ్మాయి పెళ్ళి, ఇళ్ళ అద్దెలు, అత్తయ్య మోకాలి ఆపరేషన్, 1970ల్లో తాతయ్య జర్మనీ ఫ్యాక్టరీలో పనిచేసిన రోజులు. ఒక టాపిక్ అని ఉండదు. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు మధ్యలో అందుకుంటారు, అది అక్కడ అమర్యాద కాదు, వింటున్నామని చెప్పడమే. కొత్తలో గొడవపడుతున్నారేమో అనిపిస్తుంది. రాజకీయాలూ వస్తాయి, కొన్ని ఇళ్ళల్లో మాత్రం, ముఖ్యంగా కాటలోనియా ప్రాంతం స్పెయిన్ నుంచి విడిపోవడం గురించి, బల్ల దగ్గర ఎత్తకూడదని ఒప్పందం ఉంటుంది.

చేతులకి పని కూడా ఉంటుంది. చివర్లో వచ్చేది చాలాసార్లు పండే, నారింజనో పుచ్చకాయ ముక్కలో పెడతారు. కత్తితో నారింజ తొక్క ఒకే చుట్టగా తీస్తూ మాట్లాడే పెద్దాయన దాదాపు ప్రతి ఇంట్లో ఉంటాడు. పల్లెల్లో బార్లలో అయితే భోజనం తర్వాత డామినోలు, పేకాట, వలెన్సియాలో త్రుక్ అనే ఆట.

దీనికి బయటి రూపం ఒకటుంది, తెర్తూలియా అంటారు, అదే మనుషులు ఒకే కాఫీ హోటల్లో క్రమం తప్పకుండా కూర్చుని సాహిత్యమో రాజకీయమో మాట్లాడుకోవడం. మాడ్రిడ్‌లో 1888 నాటి కఫే హీహోన్ దానికి పేరు. రచయితలు, నటులు అక్కడ కూర్చునేవారు.

స్పానిష్ కుటుంబం ఆదివారం భోజనానికి పిలిచింది. ఎలా వెళ్ళాలి, ఎప్పుడు రావాలి?

రెండున్నరకి రమ్మంటే రెండున్నరకో, పది నిమిషాలు లేటుగానో వెళ్ళండి, ముందుగా మాత్రం వెళ్ళకండి, వంట అవుతూ ఉంటుంది. ఖాళీ చేతులతో వెళ్ళొద్దు. ఒక వైన్ సీసా, లేదా ఊళ్ళో మంచి బేకరీలో ట్రేలో పేర్చి కాగితం చుట్టి రిబ్బను కట్టి ఇచ్చే చిన్న చిన్న కేకులు. ఆదివారం మధ్యాహ్నం వీధుల్లో ఆ ట్రేని జాగ్రత్తగా అరచేతి మీద మోసుకెళ్ళే మనుషులు చాలామంది కనిపిస్తారు, వాళ్ళంతా ఎవరింటికో భోజనానికి వెళ్తున్నవాళ్ళే.

వలెన్సియా ఇల్లయితే పాయెయ్యా ఉంటుంది. పాత పద్ధతిలో పెద్ద మూకుడు బల్ల మధ్యలో పెట్టి, ఎవరికి ఎదురుగా ఉన్న భాగం వాళ్ళు చెక్క చెంచాతో తింటారు. పక్కవాళ్ళ భాగంలోకి వెళ్ళరు. అడుగంటిన మాడుని సొకర్రాత్ అంటారు, దానికోసం పోటీ ఉంటుంది. అతిథి కదా అని మీకు పెడితే వద్దనకండి.

ఇక ముఖ్యమైన సంగతి. ఆ రోజు సాయంత్రం ఐదింటికి ఇంకో పని పెట్టుకోవద్దు. పండు తినగానే "ఇక వస్తాం" అంటే పిలిచినవాళ్ళు ఏదో తేడా జరిగిందని కంగారు పడతారు. ప్లేట్లు తియ్యడంలో సాయం చెయ్యండి, మంచిదే, కానీ గిన్నెలు తోముతూ అక్కడే ఉండిపోకుండా మళ్ళీ వచ్చి కూర్చోండి. భాష సరిగా రాకపోయినా ఫర్వాలేదు, వింటూ కూర్చోండి, ఎవరో ఒకరు మీకోసం నెమ్మదిగా చెబుతారు. ఫోన్ బల్ల మీద పెట్టకపోతే ఇంకా బాగుంటుంది. వెళ్ళొస్తామని లేచాక గుమ్మం దగ్గర ఇంకో అరగంట నిలబడి మాట్లాడతారు, ఈ ఒక్కటి మాత్రం అచ్చం మన పద్ధతే.

హోటల్లో తినడం అయిపోయి అరగంటైంది, బిల్లు తేవట్లేదు. మమ్మల్ని పట్టించుకోవట్లేదా?

మీరు అడిగేదాకా బిల్లు తేకపోవడమే అక్కడ మర్యాద. అడక్కుండా తెచ్చి పెడితే లేచి వెళ్ళమన్నట్టు. మీకు వెళ్ళాలనిపించినప్పుడు చెయ్యి కొద్దిగా ఎత్తి "లా క్వెంతా, పోర్ ఫవోర్" అనండి, తెస్తారు. ఒక్క కాఫీ తీసుకుని గంటసేపు కూర్చున్నా మామూలు వీధి బార్లలో ఎవరూ ఏమీ అనరు. టిప్పు తప్పనిసరి కాదు, చిల్లర వదిలేస్తే చాలు.

రద్దీ ఉండే నగరాల్లో మాత్రం ఇది మారుతోంది. మాడ్రిడ్, బార్సిలోనాల్లో పేరున్న హోటళ్ళు ఇప్పుడు భోజనాన్ని రెండు విడతలుగా ఇస్తున్నాయి, 1:30కి ఒక బ్యాచ్, 3:30కి ఇంకో బ్యాచ్. మొదటి బ్యాచ్‌లో బుక్ చేసుకుంటే సరిగ్గా కాఫీ తాగే టైముకి లేవమంటారు. తాపీగా కూర్చోవాలనుకుంటే రెండో విడతే తీసుకోండి.

మెనూ దెల్ దియా అని బోర్డులు కనిపిస్తాయి, అదేంటి?

మన మీల్స్ లాంటిదే. మొదట ఒక ఐటమ్, తర్వాత ఒక ఐటమ్, బ్రెడ్డు, తాగడానికి నీళ్ళో వైనో, చివర్లో తీపో కాఫీయో, అన్నీ కలిపి ఒకే ధర. ఊరిని బట్టి ఇప్పుడు 12 నుంచి 16 యూరోల మధ్య ఉంటుంది. సోమవారం నుంచి శుక్రవారం మధ్యాహ్నం మాత్రమే దొరుకుతుంది చాలాచోట్ల. 1960ల మధ్యలో మనువేల్ ఫ్రాగా పర్యాటక మంత్రిగా ఉన్నప్పుడు విదేశీ పర్యాటకుల కోసం హోటళ్ళు ఇలాంటి ఒకే ధర భోజనం పెట్టాలని రూలు తెచ్చారు. తర్వాత అది పర్యాటకుల నుంచి పనివాళ్ళకి చేరింది. ఇంటికి వెళ్ళలేని ఉద్యోగులు కూడా రెండు మూడు విడతల భోజనం కూర్చుని తినగలుగుతున్నారంటే దీని పుణ్యమే. డెస్క్ దగ్గర సాండ్‌విచ్ తినే బదులు నలుగురు కొలీగ్స్ ఒక గంట కూర్చుంటారు.

షాపులు నిజంగా మధ్యాహ్నం మూసేస్తారా?

చిన్న ఊళ్ళలో, చిన్న షాపులు, అవును, 2 నుంచి 5 వరకు. పెద్ద సూపర్ మార్కెట్లు, మాల్స్ మూయవు. మాడ్రిడ్ ప్రాంతంలో 2012 నుంచి ఎవరికి నచ్చిన టైములో వాళ్ళు తెరుచుకోవచ్చు. ఆదివారాలు మాత్రం దేశంలో ఎక్కువచోట్ల మూతే, శనివారమే సరుకులు తెచ్చుకోండి.

సాయంత్రాలు ఎలా గడుస్తాయి? రాత్రి 11కి చిన్నపిల్లలు వీధిలో ఆడుకోవడం చూశాం.

వేసవిలో అది మామూలే. పగలు ఎండ, రాత్రి చల్లదనం. ఊరి మధ్య చౌకులో తల్లిదండ్రులు కుర్చీల్లో కూర్చుంటే పిల్లలు ఎదురుగా బంతాట. బెంచీల మీద పెద్దవాళ్ళు పొద్దుతిరుగుడు గింజలు ఒలుచుకు తింటూ ఉంటారు. సాయంత్రం భార్యాభర్తలు మంచి బట్టలేసుకుని మెయిన్ రోడ్డు ఈ చివర నుంచి ఆ చివరకి నెమ్మదిగా నడుస్తారు, పని మీద కాదు, నలుగురినీ పలకరించడానికి. సలమాంకాలో ప్లాసా మయోర్ చౌకులో సాయంత్రం ఒక పక్కన కూర్చుని చూస్తే ఊరంతా అక్కడికే వచ్చిందనిపిస్తుంది.

దక్షిణాన ఆందలూసియా పల్లెల్లో రాత్రి భోజనం అయ్యాక కుర్చీలు గుమ్మం బయట వేసుకుని వీధి వీధంతా కబుర్లలో పడుతుంది. కాదిస్ జిల్లాలో అల్గార్ అనే చిన్న ఊరి మేయర్ 2021లో ఈ అలవాటుని యునెస్కో వారసత్వంగా గుర్తించాలని ప్రయత్నం మొదలుపెట్టారు. ఫోన్లూ టీవీలూ వచ్చాక కుర్చీలు తగ్గిపోతున్నాయన్నది ఆయన బాధ. ఇలాంటి దానికోసం ఒక ఊరు నడుం కట్టడం నాకు చాలా గౌరవంగా అనిపించింది.

వినడానికి బాగుంది గానీ, ఈ భారమంతా ఎవరి మీద పడుతుంది?

సరైన ప్రశ్న, ఇక్కడి ఆడవాళ్ళూ ఇదే అడుగుతారు. ఆదివారం పన్నెండు మంది భోజనం పొద్దున్నుంచి వండేది చాలా ఇళ్ళల్లో ఇప్పటికీ అమ్మమ్మే. పాత తరంలో మగవాళ్ళు కదలకుండా కూర్చుంటే ఆవిడ పదిసార్లు లేచేది. కొత్త తరంలో మగవాళ్ళు వండటం, గిన్నెలు సర్దడం బాగా పెరిగింది, ఇంకా సమానం కాలేదు.

రెండోది హోటల్ పనివాళ్ళు. మనం 5 వరకు తాపీగా కూర్చుంటే సర్వరు 12 నుంచి 5 వరకు నిలబడి, మళ్ళీ 8కి వచ్చి అర్ధరాత్రి దాకా పనిచేస్తాడు. 2024 మార్చిలో కార్మిక మంత్రి యోలాందా దియాస్, రాత్రి ఒంటిగంటకి హోటళ్ళు తెరిచి ఉండటం సబబు కాదని అంటే పెద్ద గొడవైంది. రాత్రి జీవితం మా సంస్కృతి అని హోటళ్ళవాళ్ళు, మాడ్రిడ్ నాయకులు లేచారు. నేను మంత్రి వైపే. ఇంట్లో వాళ్ళతో బల్ల దగ్గర కూర్చునే హక్కు సర్వర్‌కీ ఉండాలి కదా.

మూడోది చిన్నపిల్లల తల్లిదండ్రులు. రెండు ముక్కల ఉద్యోగం చేసేవాళ్ళు ఇంటికి 8:30కి చేరితే పిల్లలతో గడిపేది ఒక గంట. మధ్యాహ్నం రెండు గంటలు ఖాళీ ఉన్నా ఇల్లు దూరమైతే ఆ టైము ఎందుకూ పనికిరాదు. వీళ్ళలో ఎక్కువమంది ఏకబిగిన పనిచేసి 5కల్లా ఇంటికి పోవాలనే కోరుకుంటున్నారు.

అంటే ఇది పోతుందా?

మామూలు రోజుల్లో తగ్గుతోంది, ఆదివారాల్లో గట్టిగానే ఉంది. టైములు మార్చాలనే చర్చ చాలా ఏళ్ళుగా నడుస్తోంది. 2016లో అప్పటి ప్రధాని రహోయ్, పని సాయంత్రం 6కి ముగిసేలా చేద్దామని, గడియారం మళ్ళీ లండన్ టైముకి తెద్దామని ప్రతిపాదించారు, జరగలేదు. వారానికి 40 గంటల పని రూలు 1983 నుంచి ఉంది. దాన్ని 37.5కి తగ్గించే బిల్లు 2025 సెప్టెంబరులో పార్లమెంటులో ఓడిపోయింది. అదే ఏడాది అక్టోబరులో ప్రధాని సాంచెస్, ఏడాదికి రెండుసార్లు గడియారం మార్చడం ఆపేద్దామని యూరప్‌ని అడిగారు.

నా అభిప్రాయం చెప్పాలంటే, భోజనం గంట ముందుకి జరిగినా సోబ్రెమెసాకి ఏమీ కాదు. దానికి ముప్పు వేరే చోట ఉంది. పెరిగిన అద్దెల వల్ల పిల్లలు అమ్మానాన్నలకి దూరంగా వెళ్ళిపోవడం, ఒంటరి ఇళ్ళు పెరగడం, బల్ల మీద ఫోన్లు.

ఆరోగ్యానికి మంచిదేనా?

స్పెయిన్‌లో సగటు ఆయుర్దాయం 84 ఏళ్ళ దగ్గర ఉంది, యూరప్‌లో ఎక్కువ ఉన్న దేశాల్లో ఒకటి. దానికి తిండి, వైద్యం, నడక ఇలా చాలా కారణాలు, కబుర్లే కారణమని ఎవరూ చెప్పలేరు. యునెస్కో 2010లో మధ్యధరా ఆహార పద్ధతిని వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు ఆలివ్ నూనె, చేపల గురించే కాకుండా కలిసి కూర్చుని తినడాన్ని కూడా అందులో భాగంగా రాసింది. నిద్ర మాత్రం తగ్గుతుంది, అది నిజం. టీవీలో పెద్ద ప్రోగ్రాములు రాత్రి పదిన్నర దాటాక మొదలై అర్ధరాత్రి దాటాక ముగుస్తాయి, పొద్దున స్కూలు టైము మాత్రం మారదు.

మేం శాకాహారులం. ఇంతసేపు కూర్చోవాలంటే ముందు తినడానికి ఏదైనా ఉండాలిగా?

ఉంటుంది, అడగడం తెలియాలి. "మాంసం లేకుండా" అని మాత్రమే చెబితే హామ్ అనే పంది మాంసం ముక్కలో ట్యూనా చేపో వేసి తెస్తారు, వాళ్ళ దృష్టిలో అది మాంసం కింద రాదు. "సిన్ కార్నే, సిన్ పెస్కాదో, సిన్ హమోన్" (మాంసం, చేప, హామ్ లేకుండా) అని మూడూ చెప్పండి. పప్పు కనిపించింది కదా అని సంబరపడొద్దు, లెంతేహాస్ అనే ఆ పప్పు కూరలో సాధారణంగా చోరీసో అనే పంది మాంసం సాసేజ్ ఉంటుంది. గస్పాచో చల్లటి టమాటా సూపు, ధైర్యంగా తాగొచ్చు. సల్మొరేహో అని దానికంటే చిక్కటి టమాటా సూపు ఉంటుంది, దాని మీద హామ్, గుడ్డు చల్లుతారు, వద్దని చెప్పండి. సెవిల్‌లో పాలకూర శనగలు అద్భుతంగా ఉంటాయి, జీలకర్ర వాసనకి ప్రాణం లేచొస్తుంది. కోర్దోబాలో వంకాయలు వేయించి బెల్లంపాకం లాంటి చెరకు తేనె పోస్తారు. పద్రోన్ పచ్చిమిరపకాయలు, కాటలోనియాలో కాల్చిన వంకాయ, క్యాప్సికం కలిపిన ఎస్కలివాదా, గుడ్డు తినేవాళ్ళకి ఆలుగడ్డల ఆమ్లెట్. హోటళ్ళ వంటగదులు మామూలుగా 4కి మూసి మళ్ళీ 8:30కి తెరుస్తారు, మధ్యలో ఆకలేస్తే బార్లలో ఆమ్లెట్ ముక్కే దిక్కు.

ఇండియాకి ఫోన్ ఎప్పుడు చెయ్యాలి? ఇక్కడి టైములతో ఏదీ కుదరట్లేదు.

మార్చి చివరి ఆదివారం నుంచి అక్టోబరు చివరి ఆదివారం వరకు ఇండియా మూడున్నర గంటలు ముందు, మిగతా నెలల్లో నాలుగున్నర గంటలు. స్పెయిన్‌లో రాత్రి భోజనం అయ్యాక చేద్దామంటే అక్కడ అర్ధరాత్రి దాటి ఒంటిగంటన్నర అయి ఉంటుంది. మధ్యాహ్నం నాలుగున్నరకి చేస్తే వేసవిలో అక్కడ రాత్రి 8, చలికాలంలో 9. విజయవాడలోనో వరంగల్‌లోనో అమ్మావాళ్ళు రాత్రి భోజనం దగ్గర ఉండే వేళ అది, మనం కాఫీ దగ్గర ఉండే వేళ. ఆదివారం మా ఇంట్లో ఫోన్ ఆ టైముకే చేస్తాం, వీడియో పెట్టి, కూర్చున్న చోటి నుంచి లేవకుండా.